స్పిరిట్ డబ్బాలో నీళ్ళు

మా అక్క ఎవరినైనా ముందు వాసన చూసేది, తర్వాత పలకరించేది. గుమ్మంలో నిలబడి "రా, రా" అంటూ భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కునేది. కొత్తవాళ్ళు దాన్ని ఆప్యాయత అనుకునేవాళ్ళు. అది తనిఖీ అని మాకు తెలుసు. ఒక్క ఊపిరి లోపలికి పీల్చి, ఆ మనిషి పొద్దుట్నుంచి ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరి పక్కన కూర్చున్నాడో తేల్చుకుని, అప్పుడు "కాఫీ తాగుతావా?" అనేది.

ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, బావ వంక చూస్తూ, "మహాతల్లి, మొగుణ్ణి ఎంత నమ్మిందో! ఆ నమ్మకమే ఇతన్ని మళ్ళీ మనిషిని చేసింది" అన్నారు. టీ గ్లాసులు అందిస్తూ విన్నాను. కాదని చెప్పే సమయం కాదు కాబట్టి ఊరుకున్నాను. కానీ అక్క బావను ఏనాడూ నమ్మలేదు. తాగుతున్నప్పుడు నమ్మలేదు, మానేశాక అసలే నమ్మలేదు. నమ్మకుండానే అతని పక్కన నిలబడింది. ఆ నిలబడటం ఎలాంటిదో చెప్పాలంటే చర్చి బెంచీల సంగతి చెప్పాలి.

అక్క చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసేది. పొడవాటి బల్ల, నెత్తిన ట్యూబులైట్లు, కుడిపక్క చొక్కాల గుట్ట. ఒక్కో చొక్కా తీసి కాలరు చూసి, చేతుల అంచులు చూసి, బొత్తాలు లాగి చూసి, లోపలివైపు తిరగేసి కుట్లు చూడాలి. ఎక్కడ తప్పుంటే అక్కడ చిటికెన గోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి. ఆ స్టిక్కర్ల చుట్ట ఎప్పుడూ ఆమె జేబులో ఉండేది. ఫ్యాక్టరీలో ఆమెను "ఎక్స్‌రే" అనేవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా ఆమె మోచేతికో, జడకో ఒక బాణం అంటుకుని కనిపించేది.

"తప్పున్న చొక్కాతో బాధ లేదే. అది తప్పు దాచుకోదు. బాగున్నట్టు కనిపిస్తుంది చూడు, దాన్ని రెండోసారి తిరగెయ్యాలి" అనేది నాతో.

బావ పాలిష్ పనివాడు. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానబెట్టి, ఆ పాలిష్‌ను గుడ్డలో చుట్టిన దూది ఉండతో తలుపులకీ, బల్లలకీ, కుర్చీలకీ పట్టించేవాడు. చెయ్యి ఆగకూడదు. ఆగితే ఉండ అంటుకుపోయి మచ్చ పడుతుంది. తాగినప్పుడు కూడా అతని చెయ్యి ఆగేది కాదని కాంట్రాక్టర్లు మెచ్చుకునేవాళ్ళు. అదే మా కొంప ముంచింది. చెయ్యి వణికి ఉంటే ఎవరో ఒకరు ముందే ఆపేవాళ్ళేమో.

పెళ్ళయిన కొత్తలో అక్క అందరు ఆడవాళ్ళూ చేసే పనే చేసింది. అతను అల్మారాలో దాచుకున్న సీసా తీసి, కొంత మందు సింకులో పారబోసి, అంతమేరా నీళ్ళు పోసి, మళ్ళీ అక్కడే పెట్టేది. మొదటి గుక్కలోనే అతనికి తెలిసిపోయేది. తెలిసినా అనేవాడు కాదు, బయటికెళ్ళి ఇంకొకటి తాగొచ్చేవాడు. అది ఆమెకు తెలిసేది. తెలిసినా అడిగేది కాదు. అడిగితే అబద్ధం చెబుతాడని ఆమెకు తెలుసు. చెప్పేది అబద్ధమని ఆమె కనిపెడుతుందని అతనికి తెలుసు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడక్కుండా ఏళ్ళు గడిచిపోయాయి.

అన్ని రోజుల్లోకీ క్రిస్మస్ రోజులు ఘోరం. పని ఇచ్చినవాళ్ళు పండగ పేరు చెప్పి సీసాలు ఇచ్చేవాళ్ళు. తోటి పనివాళ్ళు చేతులు పట్టుకుని లాక్కుపోయేవాళ్ళు. ఒకసారి దీపాలు వెలుగుతున్న క్రిస్మస్ చెట్టు మీదికి వెల్లకిలా పడ్డాడు. చెట్టూ అతనూ కలిసి నేల మీద ఉంటే, మా అమ్మ ముందు ప్లగ్గు పీకి, తర్వాత అల్లుడిని లేపింది.

చివరికి కాలేయం పాడై, పసుపుపచ్చ కళ్ళతో ఆసుపత్రిలో పడి, అక్కణ్ణుంచి తాగుడు మాన్పించే కేంద్రానికి వెళ్ళి, చలి మొదలయ్యే రోజుల్లో ఇంటికొచ్చాడు. పంపించే ముందు అక్కడి కౌన్సిలరు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇంట్లో మందు చుక్క ఉండకూడదంది. పండగ రోజులు గండమంది. ఒంటరిగా వదలొద్దు, అలాగని పోలీసు కాపలా కాయొద్దు, సందేహమొస్తే మొహం మీదే అడగండి అంది. ఆమె పక్కనున్న డాక్టరు మాత్రం ఒకే మాట అన్నాడు: "మళ్ళీ మొదలుపెడితే ఈ మనిషి మీకు దక్కడు."

అక్క చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది. దాంతోపాటు క్రిస్మస్ కూడా దగ్గరికొచ్చింది.

మా అమ్మ సంచీ సర్దుకుని అక్క ఇంటికి కాపలాకి వెళ్ళింది. నాకు బడికి పండగ సెలవులు, నేనూ పగలంతా అక్కడే. ఇల్లంతా జల్లెడ పట్టాం. కేకుల్లో వేసే ఎసెన్సు పోయింది, సెంటు సీసా పోయింది, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ పోయింది.

"అత్తయ్యా, ఆ దగ్గుమందేం చేసింది పాపం?" అన్నాడు బావ.

"అందులోనూ ఉంటుందట బాబూ. సీసా మీద రాసుంది."

"మరి రేపు నాకు దగ్గొస్తే?"

"దగ్గండి. ఎవరొద్దన్నారు?"

పైవాటా ఆవిడ పండగని కేకు ముక్కలు తెచ్చిస్తే, ఆవిడ ఇంకా గుమ్మంలో ఉండగానే అక్క పళ్ళెం ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎండుద్రాక్ష దేంట్లో నానబెట్టారు?" అంది. ఆవిడ మొహం మాడిపోయింది. పళ్ళెం వెనక్కి తీసుకుని మెట్లెక్కుతూ, "కేకు పెడితే పంచనామా చేస్తారేంటమ్మా!" అని గొణుక్కుంటూ పోయింది.

అలాంటప్పుడు బావకు పని వచ్చింది. పండగలోపు చర్చిలో బెంచీలన్నీ పాత మురికి కడిగి, మళ్ళీ పాలిష్ చెయ్యాలి. కేంద్రం నుంచి వచ్చాక అదే మొదటి పని. ఈ పని నిలబెట్టుకుంటే చర్చి తాలూకు బడిలో తలుపులూ బల్లలూ కూడా ఇస్తామని పాస్టరు గారు చెప్పారు. తాగుబోతని అందరూ వదిలేసిన మనిషిని పిలిచి పని ఇవ్వడం చిన్న విషయం కాదు. బావ ఆ రోజు గడ్డం గీసుకుని, గోళ్ళు కత్తిరించుకుని మరీ వెళ్ళాడు.

సాయంత్రం వచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడింది. "రా, రా" అని దగ్గరికి లాక్కుంది. పీల్చింది. మళ్ళీ పీల్చింది. వదిలేసి వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది.

"ఏమైందే?" అన్నాను.

"నిలువెల్లా స్పిరిట్ వాసనే. చొక్కా, జుట్టు, చేతులు, అన్నీ అదే. ఇందులో తాగింది ఏదో పూసుకున్నది ఏదో ఎలా తెలుస్తుందే?"

అన్నేళ్ళూ ఆమెకున్న ఆయుధం ఆ ముక్కే. అది ఆ రోజుతో చేతిలోంచి జారిపోయింది. దానికి తోడు అతను లవంగాలు నమలడం మొదలుపెట్టాడు. నోటికి ఏదో ఒక పని కల్పించుకోమని కేంద్రంలో చెప్పారట. తాగినవాళ్ళు వాసన రాకుండా నమిలేది కూడా అవే.

"ఆ లవంగం కొత్తగా ఏంటయ్యా?"

"నోరు ఊరుకోవట్లేదే."

"ఎందుకూరుకోవట్లేదో?"

"నిన్ను తిట్టాలనిపిస్తోంది. అందుకని నములుతున్నా" అని నవ్వి, నా వైపు తిరిగి, "మరదలా, మీ అక్కకి ముక్కు పెట్టిన దేవుడు నోరు కూడా ఇచ్చాడుగా, ఆ నోటితో ఒక్క మాట అడగమను" అన్నాడు. అక్క విననట్టే గిన్నెలు సర్దింది. నేను కూడా ఆ మాటను హాస్యం కిందే జమ కట్టాను.

ఆ తర్వాత భోజనం క్యారియర్ వంకతో అక్క మధ్యాహ్నం అరపూట సెలవు పెట్టి చర్చికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. పెద్ద హాలు, ఎత్తయిన కిటికీలు, కప్పు నుంచి వేలాడుతున్న కాగితం నక్షత్రాలు. వేదిక పక్కన పశువులపాక బొమ్మలు గడ్డి మీద సర్దుతున్నారు. ముందు వరసల్లో బెంచీలు అద్దాల్లా ఉన్నాయి. బావ మోకాళ్ళ మీద కూర్చుని, ఎనిమిది అంకె చుట్టినట్టు ఉండని తిప్పుతున్నాడు. మమ్మల్ని చూశాడు కానీ చెయ్యి ఆపలేదు. ఆ నిమిషాన అక్క మొహంలో ఏదో మెత్తబడింది. నేను చూశాను.

అంతలో తాళాలాయన వచ్చాడు. చర్చి తలుపులు తెరిచేదీ మూసేదీ అతనే. నడుముకి తాళాల గుత్తి వేలాడుతుంటే, మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. అక్కని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"అమ్మా, చెప్పకూడదు గానీ, స్పిరిట్ ఎలా ఖర్చవుతోందో నాకైతే అర్థం కావట్లేదు. డబ్బా తెచ్చినట్టే తెలియట్లేదు. ఇంత బెంచీకి అంత పడుతుందా?"

"మీరేమనుకుంటున్నారు?"

"నేనేమీ అనుకోవట్లేదమ్మా. మీ ఆయన సంగతి మీకే తెలియాలి. వెనక గదిలోకి మాటిమాటికీ వెళ్తుంటాడు, అంతే."

అక్క మొహంలో మెత్తదనం పోయింది. ఆ స్పిరిట్ తాగేది కాదు, విషం కలిపి అమ్ముతారు. మందు దొరక్క అది తాగి చూపు పోగొట్టుకున్న పాలిష్ పనివాడి సంగతి బావే ఎప్పుడో చెప్పాడు. బావ తినడం అయ్యాక, అక్క క్యారియర్ కడుక్కొస్తానని వెనక గదిలోకి వెళ్ళింది. నేను పశువులపాక దగ్గర నిలబడి బొమ్మలు చూస్తున్నాను. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతులు తడిగా ఉన్నాయి. అందులో వింతేమీ కనిపించలేదు నాకు.

ఏం చేసిందో తర్వాత ఆమె నోటితోనే విన్నాను. గది మూలలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది, లోపల స్పిరిట్ ఎంతవరకు ఉందో బయటికి కనిపిస్తోంది. క్యారియర్ పై గిన్నెతో పంపు నీళ్ళు పట్టి అందులో పోసేసింది. నీళ్ళు కలిసిన స్పిరిట్ ఎంత తాగినా కొంతలో కొంత మేలు కదా అనుకుంది. అంతటితో ఆగలేదు. జేబులోంచి ఎర్ర బాణం తీసి, డబ్బాకి గోడవైపున, స్పిరిట్ మట్టానికి సరిగ్గా అంటించింది. రేపు ఆ మట్టం ఎంత దిగిందో చూసి, బెంచీలకి ఎంత పట్టించాడో చూసి, మిగతాది ఎక్కడికి పోయిందో తేల్చాలని. ఇంట్లో సీసాలకి చేసిన పనే చర్చి డబ్బాకీ చేసింది. అది మందు సీసా కాదనీ, అందులోంచి పాలిష్ తయారవుతుందనీ, లక్కకి నీళ్ళు పడవనీ ఆమెకి తట్టలేదు.

మర్నాడు పొద్దున తాళాలాయన ఫోన్ చేశాడు. "వచ్చి మీ ఆయన చేసిన ఘనకార్యం చూసుకోండి."

అక్క, అమ్మ, నేను వెళ్ళేసరికి ముందు వరసలు తెల్లగా ఉన్నాయి. పాలు ఒలికి ఎండిపోయినట్టు, అద్దం మీద ఊపిరి వదిలినట్టు, ఎక్కడ చూసినా తెలుపే. బావ ముందు రోజు మధ్యాహ్నం నుంచి వేసిన ఆఖరి పూత అంతా అలాగే ఉంది. పండగ ముంచుకొచ్చేసింది. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. బావ ఒక బెంచీ ముందు నిలబడి, వేలితో దాన్ని రాసి చూస్తున్నాడు.

"తాగి చేసిన పని ఇలాగే ఉంటుంది" అన్నాడు తాళాలాయన, ఎవరితోనూ కానట్టు.

బావ వెనక గదిలోంచి డబ్బా పట్టుకొచ్చాడు. ఒక రేకు మూతలో కాస్త స్పిరిట్ పోసి, నేల మీద పెట్టి, అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట లేచింది. అందరం వంగి చూశాం. మంట కాసేపు ఆడి ఆరిపోయింది. మంచి స్పిరిట్ అయితే మూత పొడిగా మిగలాలి. అందులో నీళ్ళు మిగిలాయి.

"చలికి పాలిష్ కాస్త మబ్బుగా ఉందనుకున్నాను. ఇందులో నీళ్ళు కలిశాయండీ" అన్నాడు బావ పాస్టరు గారితో.

"కలిశాయా, కలిపారా?" తాళాలాయన గొంతు పెద్దదైంది. "నేను చెబుతాను వినండి. కాస్త కాస్త తాగడం, తగ్గింది కనిపించకుండా నీళ్ళు పోసి పెట్టడం. తాగుబోతులు ఇళ్ళల్లో చేసే పనే ఇది! వెనక గదిలోకి అన్నిసార్లు ఎందుకెళ్తున్నాడో ఇప్పుడు తెలిసింది."

అతను చెప్పింది అతికినట్టు సరిపోయింది. నేను కూడా నమ్మాను. మా అమ్మ "అయ్యో బాబూ" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ మా అందరినీ ఒకసారి చూశాడు. చివరికి అతని చూపు అక్క మీద ఆగింది. సీసాల్లో నీళ్ళు పోసే అలవాటు ఎవరిదో ఆ హాల్లో తెలిసింది వాళ్ళిద్దరికే. ఒక్క మాట అంటే బయటపడేవాడు. అనలేదు. వంగి, ఉండల్నీ గుడ్డల్నీ ఒక్కొక్కటే సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఇంకెవరినైనా చూసుకుంటాం నాయనా. ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు" అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"నీళ్ళు పోసింది నేను" అంది అక్క.

తాళాలాయన నవ్వాడు. "మొగుణ్ణి వెనకేసుకు రావడం మంచిదేనమ్మా. కానీ చర్చిలో నిలబడి అబద్ధం ఆడకండి."

"డబ్బా తిప్పండి" అంది అక్క.

ఎవరూ కదల్లేదు. ఆమే వెళ్ళి తిప్పింది. వెనకవైపు ఎర్ర బాణం ఉంది. జేబులోంచి స్టిక్కర్ల చుట్ట తీసి దాని పక్కన పెట్టింది. "నిన్న మధ్యాహ్నం క్యారియర్ గిన్నెతో నీళ్ళు పోసి, ఇక్కడిదాకా ఉందని గుర్తు పెట్టుకున్నాను. తాగుతున్నాడేమోనని. మీరు అన్నాక నాకూ అదే అనుమానమొచ్చింది. ఇప్పుడు చూస్తే, ఇది దిగినంత మేరా బెంచీల మీదే ఉంది."

తాళాలాయన చేత్తో గుత్తిని పట్టుకున్నాడు, చప్పుడు రాకుండా.

"మరి మొదట్లో అంత ఖర్చు?" అన్నారు పాస్టరు గారు.

"పాత మురికి కడగడానికే సగం పోయిందండీ. వెనక గదిలో గుడ్డలు ఉతుక్కునేవాణ్ణి. అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు బావ. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

పని పోకుండా కాపాడాననుకుంది అక్క. కానీ, నీ పెళ్ళామే నిన్ను స్పిరిట్ తాగే మనిషి అనుకుందని నలుగురిలో చెప్పినట్టయింది. అతను వీధిలో గబగబా పోతున్నాడు. అక్క అతని వెంటపడింది. అక్క వెనక నేను. ఆ వీధి చివర మందు షాపు. తలుపు పైన పెద్ద నక్షత్రం దీపం పగలే వెలుగుతోంది. పండగ కొనుగోళ్ళకి అప్పుడే వరస కట్టారు. బావ ఆ వరస పక్కన ఆగాడు. మేం ఇద్దరం కాస్త దూరంలో ఆగిపోయాం.

"వచ్చేశావా వెనకాలే? చూడు, బాగా చూడు" అన్నాడు తిరగకుండానే. "తాగినా ఇదే బతుకు, తాగకపోయినా ఇదే బతుకు. అలాంటప్పుడు తాగకుండా ఉండటం దేనికే?"

"నాకు చేతకాదు" అంది అక్క.

"ఏంటి చేతకాదు?"

"నిన్ను నమ్మడం. అది ఎప్పుడో పోయింది. ఎక్కడ పోయిందో వెతుక్కునే ఓపిక కూడా లేదు. నమ్మమని అడక్కు."

"నమ్మమన్నానా? నీళ్ళు పోసేముందు ఒక్కసారి అడగొచ్చుగా! డబ్బా వెనక బాణాలు అంటించేదానివి, నా మొహం చూసి ఒక్క మాట అడగలేకపోయావా?"

అక్క అతని ముందుకి వెళ్ళి నిలబడింది. వరసలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"తాగావా?"

"లేదు."

"ఆ స్పిరిట్ ముట్టుకున్నావా?"

"నోటితో ముట్టుకోలేదు."

"ఇప్పుడు తాగాలనుందా?"

అతను షాపు వైపు ఒకసారి చూశాడు. వరసలో ఒకాయన గొంతు సవరించుకుని అటు తిరిగాడు.

"ఉంది" అన్నాడు బావ. "చచ్చేంత ఉంది."

"సరే. నడు. బెంచీలు కడగాలి."

అతను వెంటనే కదల్లేదు. అక్క అతని భుజం మీది సంచీ లాక్కుని, తన భుజాన వేసుకుని, చర్చి వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడకుండా నడవడానికి ఆమె ఎంత బిగబట్టుకుందో నాకు తెలుసు. నేనైతే తిరిగి చూశాను. అతను వస్తున్నాడు.

పాస్టరు గారు కొత్త డబ్బా తెప్పించారు. తెల్లబడిన పూతంతా స్పిరిట్‌తో కడిగి తీసేయాలి. అక్క, మా అమ్మ, నేను తలా ఒక గుడ్డ పట్టుకున్నాం. బావ మాకు చెయ్యి ఎలా తిప్పాలో చూపించాడు, తిట్టాడు, మేం కడిగింది మళ్ళీ కడిగాడు. "మరదలా, అది పలక కాదు తుడిచెయ్యడానికి" అన్నాడు. కొత్త డబ్బాని గదిలో పెట్టబోతుంటే అక్క వద్దంది. హాలు మధ్యలో, అందరికీ కనిపించేలా పెట్టించింది. "నువ్వు తాగలేదన్నావు, విన్నాను. డబ్బా మాత్రం ఇక్కడే ఉంటుంది" అంది. బావ రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ముందు వరసల వరకు అయింది. వెనక వరసలు క్రిస్మస్ పొద్దుటికి కూడా సరిగా ఆరలేదు. అక్కడ కూర్చోవద్దని తాడు కట్టారు. తాడు కట్టిన తాళాలాయనే మర్చిపోయి కూర్చుని, పాట పాడటానికి అందరితో పాటు లేవబోయి లేవలేకపోయాడు. ఆ రోజు అక్క నవ్వింది చూడాలి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాలు. బావ అన్నగారి కుటుంబం వచ్చింది. అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక అక్క వడ్డిస్తున్న గరిటె ఆపి, "ఏమయ్యా, ఇవాళ తాగావా?" అంది.

"లేదు" అన్నాడు బావ.

"పండగ పూట అందరి ముందూ అదేం అడగడమమ్మా!" అన్నాడు వాళ్ళన్నయ్య.

"మీ సంచీలో ఉన్నది ఎవరి కోసం తెచ్చారు బావగారూ? అదీ అడగమంటారా?"

ఆయన సంచీని కుర్చీ కిందికి తోసి భోంచేశాడు. వెళ్ళేటప్పుడు సంచీ బరువు తగ్గలేదని అక్క ఎత్తి చూసి మరీ పంపించింది.

అప్పట్నుంచి అడగడం ఆ ఇంట్లో మొహం కడుక్కోవడంలా అయిపోయింది. రోజూ అడిగేది. అతను రోజూ చెప్పేవాడు. అక్క మాత్రం చెప్పింది విని, సరేనని, తన పరీక్షలు తను చేసుకునేది. విసుగు రాదా బావా అని ఒకసారి అడిగాను. "వస్తుంది. కానీ అడుగుతుందని తెలుసు కదా, పగలంతా ఆ జవాబు చెడిపోకుండా చూసుకుంటాను" అన్నాడు.

కొన్నేళ్ళకి ఒక క్రిస్మస్ నాడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ పొద్దున బడి వాళ్ళు పిలిచారని వెళ్ళి, ఆలస్యంగా వచ్చాడు. బల్ల మీద పళ్ళేలు సర్ది ఉన్నాయి. అక్క అలవాటుగా, అటు తిరిగి నీళ్ళు పోస్తూనే అడిగింది.

"తాగావా?"

"తాగాను."

జగ్గు చేతిలోనే ఉండిపోయింది. అరుస్తుందనుకున్నాను, కూలబడుతుందనుకున్నాను. అక్క జగ్గు బల్ల మీద పెట్టి, తిరిగి, అతన్ని పైనుంచి కింద వరకు చూసింది. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట అతని నోటినుంచి ఆమె వినడం అదే మొదటిసారి.

"ఎవరిచ్చారు?"

"ఎవరైతే ఏం? తాగింది నేను."

"భోంచెయ్. కడుపు ఖాళీగా రావద్దు. తిన్నాక కేంద్రానికి వెళ్దాం."

"పండగ కదే, ఉంటారా?"

"పండగ రోజే ఉండాలి వాళ్ళు."

అతను తిన్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. అక్క అతని ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా చూసింది. తర్వాత స్వెట్టరు వేసుకుని, డాక్టరు చీటీలు సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది. నేను వెంట రాబోతే వద్దంది.

మెట్ల మీద పైవాటా ఆవిడ ఎదురైంది. చేతిలో ఎవరికోసమో కేకు పళ్ళెం. "పండగ పూట ఇద్దరూ ఎక్కడికమ్మా బయల్దేరారు?" అంది.

"మా ఆయన తాగాడండీ. చూపించుకు రావడానికి" అంది అక్క.

ఆవిడ పళ్ళెం పట్టుకుని గోడకి ఒత్తుకుని దారి ఇచ్చింది. వెనక దిగుతున్న బావ, "ఒక్క గ్లాసేనే" అన్నాడు.

"అది అక్కడ చెప్పు, రాసుకుంటారు" అంటూ అక్క చెయ్యి వెనక్కి చాపింది. బావ పట్టుకున్నాడు. ఇద్దరూ వీధిలోకి దిగారు.